ఫలక్‌నుమాలో ఒక ఇల్లు, ఒక రేషన్ కార్డు

మలక్‌పేట నుంచి ఫలక్‌నుమాకు వెళ్లడం కూడా ఒక ప్రయాణమేనా, దాని మీద రాయడం కూడానా అని మా ఇంట్లో నవ్వారు. వాళ్ల నవ్వులో తప్పేమీ లేదు. లోకల్ రైల్లో పావుగంట, టికెట్ అయిదు రూపాయలు. నేను తెనాలి నుంచి ఈ ఊరికి ఉద్యోగానికి వచ్చి ఇరవై రెండేళ్లయింది. నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాను. ఇన్నేళ్లలో పాతబస్తీకి గాజుల కోసమో, చుట్టాలు వస్తే చార్మినార్ చూపించడానికో తప్ప వెళ్లింది లేదు. అక్కడి ఇళ్ల మీద పరిశోధన మాత్రం చేసేశాను, అదీ కాలేజీలో ఫ్యాను కింద కూర్చుని. అందుకే ఆ పావుగంట నాకు చాలా దూరం అయింది.

సంగతి ఇదీ. రెండేళ్ల కిందట ఫిన్లాండ్‌లోని ఒక విశ్వవిద్యాలయంతో కలిసి మా కాలేజీ ఒక పరిశోధన మొదలుపెట్టింది. విషయం కుటుంబ నర్సింగ్. అంటే మంచం మీదున్న రోగి ఒక్కడినే కాకుండా, అతన్ని చూసుకునే ఇంటినంతా కూర్చోబెట్టి మాట్లాడటం, నేర్పటం. షుగర్ జబ్బుతో కాలికి పుండు పడినవాళ్లు ఉన్న ఇళ్లను మేము నలభై ఎంచుకున్నాం, అటువైపు వాళ్లు తమ ఊళ్లో అలాంటి ఇళ్లనే ఎంచుకున్నారు. ఒకే ప్రశ్నల పత్రం, రెండు దేశాలు. దాన్ని తెలుగులోకి దించింది నేనే. మొదటి విడత మా విద్యార్థులు వెళ్లి ఇంటింటికీ కుటుంబ పటం గీసుకొచ్చారు. మగవాళ్లకు చదరం, ఆడవాళ్లకు గుండ్రం, మధ్యలో గీతలు. ఆ పటంలో ఉన్న పెద్దవాళ్లలో చదువు వచ్చినవాళ్లను పట్టుకుని కాలి జాగ్రత్తలు చెప్పి, ఒక కాగితం చేతికిచ్చి వచ్చారు.

ఆ పనికి ముందు వీడియో మీటింగులో అటువైపు ప్రధాన పరిశోధకురాలు కైసా ఒక మాట అడిగింది. ఇంట్లో ఎవరు కుటుంబం, ఎవరు కాదు అన్నది మీరు ఎలా తేలుస్తారు అని. నేను తగుదునమ్మా అని ముందుకొచ్చి, మాకు ఆ బెంగ లేదు, సర్కారే తేల్చి కార్డు మీద అచ్చు వేసి ఇచ్చింది అన్నాను. అందరూ నవ్వారు. అక్కడితో ఆగినా బాగుండేది. రేషన్ కార్డు అడిగి పేర్లు, వయసులు ఎక్కించుకుంటే తప్పులు రావు, పని తొందరగా అవుతుంది అని విద్యార్థులకు కూడా చెప్పాను. వాళ్లు ఇళ్లకు వెళ్లొచ్చిన మూడు నెలల తర్వాత, ఫిబ్రవరిలో, కైసా స్వయంగా హైదరాబాదు వచ్చింది. లెక్కలు చూశాను, ఇక మనుషుల్ని చూడాలి అంది. అలా మొదలైంది మా ప్రయాణం.

మలక్‌పేట స్టేషన్‌లో ఎనిమిదింబావుకు రావాల్సిన రైలు ఎనిమిదీ నలభైకి వచ్చింది. మీరు వెళ్లేటట్టయితే పొద్దున ఒక రైలు తప్పితే తర్వాతది ఎప్పుడో అన్నట్టే లెక్కవేసుకోండి, పని వేళకు చాలా ముందే స్టేషన్‌లో ఉండండి. ఆడవాళ్ల పెట్టెలో కూర్చోవడానికి చోటు దొరికింది. దబీర్‌పురా, యాఖుత్‌పురా, ఉప్పుగూడ, ఆ తర్వాత మా రైలు చివరి స్టేషన్ ఫలక్‌నుమా. పట్టాల పక్కనే ఇళ్లు, మేడల మీద ఆరేసిన బట్టలు, వాటి మధ్య పావురాల గూళ్లు. కైసా కిటికీ వదల్లేదు. యాభై దాటిన మనిషి, ముప్పై ఏళ్లు నర్సుగా చేసింది. మాటలు తక్కువ, చూపు ఎక్కువ.

స్టేషన్ బయట ఒక చిన్న హోటల్లో టిఫిన్ చేశాం. నేను ఇడ్లీ అడిగితే, పెనం దగ్గరున్న ఖాసిం భాయ్ నన్ను జాలిగా చూసి, "ఇడ్లీ కావాల్నంటే మలక్‌పేటల్నే తినొచ్చేది ఉండె గద మేడం" అన్నాడు. పొద్దున పాతబస్తీలో తినేది ఖిచిడీ, దానిమీదికి చింతపండుతో చేసే పుల్లటి ఖట్టా. ఇద్దరికీ కలిపి నూట ఇరవై. కైసా ఖట్టా రెండుసార్లు వేయించుకుంది. డబ్బు తీసుకుంటూ ఆయన ఆవిడకు ఇంట్లో ఎంతమంది అని నన్ను అడిగాడు. నేను అనువదించాను. ఆవిడ వేళ్లు మడిచి లెక్కపెట్టింది. ఒక కూతురు, మాజీ భర్త తల్లి, పక్కింట్లో ఉండే ముసలాయన, ఒక కుక్క. ఖాసిం భాయ్‌కి మాజీ భర్త తల్లి దగ్గర కొంచెం ఇబ్బంది అయింది గానీ కుక్కను వెంటనే ఒప్పుకున్నాడు. నేను మాత్రం లోపల నవ్వుకున్నాను, పాపం వీళ్లకు కార్డు లేదు కాబట్టి ఇన్ని తిప్పలు అనుకుని.

అక్కడ మమ్మల్ని కలిసింది యాదమ్మ, ఆ బస్తీ ఆశా కార్యకర్త. నలభై ఇళ్లలో ఏ ఇంటి తలుపు ఎప్పుడు తెరిచి ఉంటుందో ఆమెకు తెలుసు. షేర్ ఆటోలో తలకి పదిహేను చొప్పున కొంతదూరం వెళ్లి, ఆ తర్వాత నడిచాం. బీరువాలు తయారుచేసే చిన్న చిన్న వర్క్‌షాపుల సందు అది. రేకు మీద సుత్తి మోత, వెల్డింగ్ వెలుగు. కళ్లు పక్కకు తిప్పుకుని నడవమని యాదమ్మ కైసాకు సైగ చేసి చూపించింది. ఆ సందు చివర రెండు గదుల ఇల్లు పెంటయ్యది. నలభై ఏళ్లు అదే సందులో బీరువాలు చేసి, షుగరు ముదిరి ఇంట్లో కూర్చున్న మనిషి. పేర్లు మార్చి రాస్తున్నాను. రాయనా అని వాళ్లను అడిగే రాస్తున్నాను.

మేము కూర్చున్నామో లేదో, పెంటయ్య భార్య అంజమ్మ లోపలికి వెళ్లి ఒక స్టీలు డబ్బా తెచ్చింది. అందులోంచి రేషన్ కార్డు తీసి, రెండు చేతులా నా ముందు పెట్టింది. నేను అడగనేలేదు. చేతిలో కాగితం, కలం ఉన్న మనిషి వస్తే ముందు అదే చూపించాలని ఆమెకు ఎప్పుడో అలవాటైపోయింది. కైసా మా విద్యార్థులు గీసిన పటం తీసి కార్డు పక్కన పెట్టుకుంది. నాలుగు పేర్లు, నాలుగూ సరిపోయాయి. పెంటయ్య, అంజమ్మ, కొడుకు శ్రీనివాస్, కూతురు మంజుల. నేను లోలోపల వీపు తట్టుకున్నాను.

కొడుకు ఎక్కడ అని అడిగితే పాల వ్యాన్ నడపడానికి తెల్లారుజామున నాలుగింటికి పోయాడని, పొద్దుగూకి వస్తాడని అంజమ్మ చెప్పింది. కూతురో అంటే, పెళ్లి చేసి ఆరేళ్లయింది, నిజామాబాదులో ఉంది. ఆమెకు ఇద్దరు పిల్లలు. నాకు అప్పుడే ఎక్కడో చిన్నగా ముల్లు గుచ్చుకోవాల్సింది. గుచ్చుకోలేదు.

ఒక అమ్మాయి టీ తెచ్చి ఇచ్చి, వంటగది గడప మీద కూర్చుంది. పాతికేళ్లు ఉంటాయేమో. నేను ప్రశ్నల పత్రంలో పడ్డాను. కైసాకు మన మాట తెలియదు కాబట్టి ఆవిడకు చూడటం తప్ప పనిలేదు. పెంటయ్య కుర్చీలో కొంచెం కదిలాడు. అంతే, ఆ అమ్మాయి లేచి వచ్చి, ఆయన అడక్కముందే పీట జరిపి, కాలు కింద బట్ట మడత సరిచేసి, మళ్లీ పోయి కూర్చుంది. కైసా నా మోచేయి తాకి, ఆమె ఎవరు అని మెల్లగా అడిగింది. కోడలు అన్నాను. పటంలో ఎక్కడుంది అంది. నేను పటం చూశాను. లేదు. కార్డు చూశాను. లేదు. ఆమె పేరు ఇంకా పుట్టింటి కార్డులోనే ఉందని, షాద్‌నగర్ దాకా పోయి తీయించి ఇక్కడ ఎక్కించడానికి నాలుగేళ్లుగా ఎవరికీ తీరిక దొరకలేదని అంజమ్మ చెప్పింది. వెళ్లిపోయిన కూతురు మా పరిశోధనలో ఉంది. వచ్చిన కోడలు లేదు.

కాలు ఎవరు చూస్తారు అని అప్పుడు అడిగాను, మూడు నెలలు ఆలస్యంగా. సరిత, అదే ఆ కోడలి పేరు, గడప మీద నుంచే చెప్పింది.

"నేనే చేస్త మేడం. రోజు సాయంత్రం వేడినీళ్లల్ల ఉప్పేసి అరగంట కాలు పెట్టిపిస్త. మా అమ్మమ్మకు గిట్లనే చేస్తుంటి."

నీళ్లు ఎంత వేడి అని అడిగాను.

"చెయ్యి పెడితే సుర్రుమనాలె. గట్లుంటెనే పుండు మాన్తది గద."

షుగరు ముదిరిన కాలికి స్పర్శ ఉండదు. నీళ్లు కాలుతున్నాయని చెప్పాల్సిన కాలు చెప్పదు. మామకు సుర్రుమనడం లేదా అంటే, లేదు, ఆయన హాయిగా ఉందంటాడు అని సంబరంగా చెప్పింది. పెంటయ్య కూడా తలూపాడు. నేను లేచి కట్టు విప్పాను. పాదం పక్కంతా బొబ్బలు చితికి ఉన్నాయి. చిటికెన వేలు నల్లబడింది. వాసన వస్తోంది. కైసా అప్పటికే బ్యాగులోంచి గ్లవ్స్ తీసి తొడుక్కుంది. వేడినీళ్లు వద్దని మా వాళ్లు చెప్పారు కదా, కాగితం ఇచ్చారు కదా అన్నాను, నాకే వినిపించనంత మెల్లగా. ఆ రోజు సెలవుకి ఇంట్లో ఉన్న శ్రీనివాస్‌కి చెప్పి, అతని చేతికే ఇచ్చారు అంది అంజమ్మ. సర్కారు కాగితం తడిసిపోతుందని శ్రీనివాస్ భద్రంగా దాచాడట. ఆ స్టీలు డబ్బాలోంచే తీసి చూపించింది. మడత నలగలేదు. పెద్ద అక్షరాలతో మొదటి వాక్యమే అది: వేడినీళ్లలో కాలు పెట్టవద్దు.

సరిత ఆ కాగితం అందుకుని నిలబడే చదివింది. చదువు వచ్చిన పిల్ల, ఇంటర్ పాసయింది. మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయింది. అంజమ్మకు విషయం అర్థమయ్యేసరికి గొంతు లేచింది. "నువ్వే కాల్చినవా పిల్లా? ఇన్ని దినాలు నువ్వే కాల్చినవా?" అని కోడలి మీదికి వెళ్లింది. సరిత ఆ వాక్యం మీద వేలు పెట్టి మళ్లీ మొదటి నుంచి చదువుతోంది. యాదమ్మ నా వైపు చూసింది. ఆ చూపు నేను మర్చిపోలేను. మేడం, ఇక్కడ నువ్వు మాట్లాడకపోతే ఈ పిల్ల జన్మంతా ఈ మాట పడుతుంది అని అందులో ఉంది.

ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో నేను ఒక్కసారి కూడా రోగి ముందు ఈ మాట అనలేదు. అనడం మాకు నేర్పరు కూడా. "అంజమ్మా, ఆమె తప్పు కాదు. తప్పు నాది. చెప్పాల్సిన మనిషికి చెప్పకుండా కార్డు చూసి పోయేటట్టు చేసింది నేను," అన్నాను. అంజమ్మకు నమ్మకం కుదరలేదు. ఇంత చదువుకున్న మేడం తప్పు చేయడమేమిటి, కోడలిని వెనకేసుకొస్తోంది అనుకున్నట్టుంది. అందుకని మళ్లీ చెప్పాను, పటం చూపించి, అందులో సరిత లేకపోవడం చూపించి. ఈసారి పెంటయ్య విన్నాడు. "ముందు కాలు సంగతి చూడండి, ఎవలది తప్పో రేపు పొద్దుగాల మాట్లాడుకోవచ్చు," అన్నాడు. ఆ ఇంట్లో తెలివిగల మాట అదొక్కటే.

ఆటో కోసం యాదమ్మ పరుగెత్తింది. ఖలీల్ భాయ్ అనే ఆయన సందులోకి ఆటో వెనక్కి నడిపించుకుంటూ తెచ్చి, రేట్ మాట్లాడబోతే, "చలో చలో, ఫికర్ నక్కో, ముందు బాపుని ఎక్కించండి" అన్నాడు. పెద్ద సర్కారు దవాఖాన దాకా నలభై నిమిషాలు పట్టింది, చివరికి రెండు వందలు తీసుకున్నాడు. ఆ ట్రాఫిక్‌లో ఆటోకి అది న్యాయమే. వెనక సీట్లో పెంటయ్య కాలు సరిత ఒడిలో ఉంది. కైసా, నేను ఇంకో ఆటోలో వెళ్లాం. నేను ఆవిడకు అంతా చెప్పాను, మీటింగులో నవ్వించిన మాట దగ్గర్నుంచి విద్యార్థులకు ఇచ్చిన సలహా దాకా. ఆవిడ తిడితే బాగుండేది. ఆ ప్రశ్నల పత్రం మీద నా సంతకం కూడా ఉంది, నేనూ ఆ రోజు నవ్వాను అంది, అంతే.

సర్జన్ యువకుడు. చూడగానే వేలు తీసేయాలి, ఇంకో వారం ఆగితే మడమ దాకా పోయేది అన్నాడు. మర్నాడు తీసేశారు. పాదం మిగిలింది. ఇంటికి పంపేటప్పుడు కట్టు ఎవరు కడతారు అని నర్సు అడిగితే అంజమ్మ కోడలిని ముందుకు తోసింది. అరగంట ఆ నర్సు సరితకు నేర్పింది. గోరువెచ్చని నీళ్లు, అదీ మోచేత్తో చూసి. నానబెట్టకుండా కడగడం, వేళ్ల సందులు తడి లేకుండా తుడవడం. నేను పక్కన నిలబడి చూశాను. ఏదీ రెండోసారి చెప్పాల్సిన పని పడలేదు. ఈ అరగంట మూడు నెలల కిందట ఆమెకు ఇచ్చి ఉంటే అనిపించి, బయటికి వచ్చి వరండాలో కాసేపు నిలబడ్డాను. ఏడ్చాను. దాచుకోవడానికి ఏముంది.

కైసా వెళ్లేలోపే రెండు వైపుల వాళ్లకూ కలిపి ఉత్తరం రాశాం. మొదటి విడత పటాలన్నీ పక్కన పెట్టి, నలభై ఇళ్లకూ మళ్లీ వెళ్లాలని. కొందరు గొణిగారు, ఇన్ని నెలల పని కదా. అటువైపు వాళ్లు కూడా తమ పటాలు తిరిగి చూసుకుంటామన్నారు, అక్కడా ఏదో ఒక కాగితం చూసే మనుషుల్ని లెక్కపెట్టారట. ఈసారి విద్యార్థులతో పాటు నేనూ ప్రతి ఇంటికీ వెళ్తున్నాను. ఒక ఇంట్లో పైవాటాలో అద్దెకుండే ఆవిడ సూది మందు వేస్తోంది. ఇంకో ఇంట్లో భర్తను వదిలి వచ్చేసిన చెల్లెలు రాత్రుళ్లు లేచి చూస్తోంది. వాళ్ల పేర్లు ఏ కార్డులోనూ లేవు.

మూడు వారాలకు పెంటయ్య ఇంటికి మళ్లీ వెళ్లాను. పుండు ఎర్రగా, శుభ్రంగా ఉంది, అంచులు దగ్గరపడుతున్నాయి. అంజమ్మ డబ్బా తేబోతుంటే వద్దన్నాను. తెల్లకాగితం సరిత ముందు పెట్టి, మీ ఇంట్లో వాళ్లను నువ్వే గీయి అన్నాను. మామకు చదరం, అత్తకు గుండ్రం, భర్తకు చదరం, మంజులకు గుండ్రం, ఆమె పిల్లలకు చిన్నచిన్నవి. ఈమధ్య పొద్దున వచ్చి రక్తంలో చక్కెర చూసిపోయే యాదమ్మను కూడా గీసింది. గీసి, కలం మూత పెట్టి, కాగితం నాకు ఇచ్చింది. ఆ కాగితం మీద సరిత లేదు. నేను ఏదో అనేలోపే పెంటయ్య కుర్చీలోంచి వంగి చూశాడు. అక్షరాలు రాని మనిషి, గుండ్రాలు లెక్కపెట్టాడు.

"నువ్వేడున్నవ్ బిడ్డా?"

"నేనెందుకు మామా, నేను చేసెటిదాన్నే గద."

"చేసెటోళ్లు లేకుంట ఇల్లెట్లయితది? గీయి," అన్నాడు. ఆమె సిగ్గుపడుతూ ఒక మూలన గీసింది. ఆయనకు నచ్చలేదు. తన చదరం పక్కన వేలు పెట్టి, ఇక్కడ గీయమన్నాడు.

ఈ ప్రయాణం చేయాలనుకునే నర్సులూ, పరిశోధకులూ కొందరు ఉంటారు. విదేశీ మిత్రులను ఇళ్లకు తీసుకెళ్లేవాళ్లు కాలేజీ అనుమతి పత్రం, బస్తీ తెలిసిన ఆశా కార్యకర్త, చిల్లర నోట్లు, గ్లవ్స్ వెంట ఉంచుకోండి. ఇంటివాళ్లు చెబితే తప్ప ఫోటోలు తీయకండి. నేను రెండు దేశాలు కలిస్తే వచ్చే గొప్ప ఏదో చూడబోయి, మన మాట రాని ఒక మనిషి కళ్లు పెట్టి చూస్తే నా ఊళ్లో నాకు ఏం కనపడలేదో తెలుసుకుని వచ్చాను. దానికి ఒక మనిషి వేలు పోయింది. అది నేను ఏ నివేదికలోనూ చిన్న అక్షరాల్లో రాయను. చివరగా, పనికొచ్చే మాట ఒక్కటి. ఏ ఇంటికి వెళ్లినా మీ ఇంట్లో ఎంతమంది అని అడగకండి. నిన్న ఈ కాలు కడిగిందెవరు అని అడగండి. ఎవరో ఒకరు గడప దగ్గరి నుంచి నేనే అంటారు. లేచి వెళ్లి, ఆ గడప మీదే ఆమె పక్కన కూర్చుని, అక్కడి నుంచి మొదలుపెట్టండి.